మాధవరం వెళ్ళిన ఇత్తడి పళ్ళెం

చింతాద్రిపేట
10 జూన్ 2024

చిరంజీవి సంయుక్తకు,

తాత దీవెనలు. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, పైవాటా వాళ్ళ కుక్కా అందరం క్షేమం. నువ్వు పోళూరు పక్క పల్లెల్లో పాలు పోసే ఆడవాళ్ళ మధ్య కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. అక్కడ ఫోనుకు సిగ్నలు లేదట. ఇక్కడ నా చెవికి లేదు. మనిద్దరి పుణ్యాన తపాలా శాఖ ఇంకొన్నాళ్ళు బతుకుతుంది.

మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పల్లెల్లోని పాల కేంద్రాలన్నిటికీ కంప్యూటరు లెక్కలు పెట్టించడానికి ప్రభుత్వం టెండరు పిలుస్తోందట. ఈసారి నీ సొంత కంపెనీ పేరు మీదే వేస్తున్నావట. 'ఆండాళ్ సిస్టమ్స్' అని మీ అవ్వ పేరు ప్రభుత్వ కాగితం మీద అచ్చవుతుందంటే, ఆమె బతికుంటే ముందు సిగ్గుపడేది, తరవాత ఆ కాగితాన్ని కొంగున ముడి వేసుకునేది.

టెండరంటే నాకు కొత్త కాదు. నేను చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా మా కాగితాల కొట్టుకు చిత్తుగా వచ్చిన పుస్తకాల్లో దొరికింది. ఒకసారి వైద్యగ్రంథం ఒకటి సగమే వచ్చింది. అందుకే నాకు నడుముకు పైనున్న జబ్బులే తెలుసు. ఏం చెబుతున్నాను? టెండరు. ఆ రోజుల్లో ప్రభుత్వ ఆఫీసులకు కాగితం సప్లై చేయాలంటే కవరుకు లక్క ముద్ర వేసి, వరండాలో రెండు తాళాలున్న రేకుపెట్టెలో వేసి రావాలి. లక్క కరిగించేటప్పుడు నా బొటనవేలికి అయిన మచ్చ ఇప్పటికీ ఉంది.

మా వీధిలో ఒక మర్యాద ఉండేది. ఏదైనా టెండరు మీద ఒకడు మనసు పెట్టుకుంటే, ఎదురు కొట్టువాడికి ఇత్తడి పళ్ళెంలో తాంబూలం పంపేవాడు. పుచ్చుకున్నవాడు ఆ టెండరు వేయడు. వచ్చేసారి వాడి వంతు. రాతకోతలు లేవు. తాంబూలం పుచ్చుకుని మాట తప్పినవాడు ఒక్కడే. వాడు తరవాత రాజకీయాల్లోకి పోయాడు.

నీకు పోటీ ఎవరో రాయి. వేళకు తిను.

నీ తాత,
వరదరాజులు


పోళూరు
18 జూన్ 2024

తాతా,

నీ ఉత్తరం పాల లారీ ఎక్కి నా దగ్గరికి వచ్చింది. కొంచెం వెన్న వాసన కూడా వేస్తోంది.

ఇక్కడ తెల్లవారకముందే కేంద్రం ముందు క్యాన్లు వరస కడతాయి. పాలు పోస్తారు, మిషను వెన్న శాతం చూస్తుంది, మా యంత్రం చీటీ ఇస్తుంది. నెట్ లేకపోయినా చీటీ ఆగకూడదు, లెక్క తప్పకూడదు. అదే మా పనితనం. చిన్నపొన్ను అని ఒకామె ఉంది. మొదటి రోజు చీటీ అటూ ఇటూ తిప్పి చూసి, "నా పేరు వేసినావు సరే, పాలిచ్చిన దాని పేరేదీ?" అంది. ఇప్పుడు మా చీటీలో ఆవు పేరు కూడా వస్తుంది. వాళ్ళ ఆవు పేరు రాజాత్తి.

ఈ పనంతా ఇన్నాళ్ళూ ఒక పెద్ద కంపెనీ కింద చేశాం. పని మాది, పేరు వాళ్ళది. ప్రభుత్వ టెండరు వేయాలంటే అలాంటి పని అంతకుముందు సొంత పేరు మీద చేసి ఉండాలి. చేసి ఉండాలంటే ముందు టెండరు రావాలి. ఈ ఒక్కసారికి చిన్న కంపెనీలకు ఆ షరతు సడలించారు. ఇది పోతే జీవితాంతం ఎవరో ఒకరి పేరు వెనక నిలబడాల్సిందే.

గట్టి పోటీ అంటే ఒక్కడే. మీ ఎదురు కొట్టు వెంకట్రామ్ తాత మనవడు విఘ్నేష్. అంబత్తూరులో మా ఆఫీసుకు రెండు వీధుల అవతలే వాళ్ళది. మంచి కంపెనీ. వాళ్ళను దాటితేనే మాకు గుర్తింపు.

మీ తాంబూలం కథ మావాళ్ళకు చదివి వినిపించాను. తెగ నవ్వారు.

నీ
సంయుక్త


చింతాద్రిపేట
29 జూన్ 2024

చిరంజీవి సంయుక్తకు,

రాజాత్తికి నా ఆశీస్సులు. ఆవు పేరు అడిగిన ఆ తల్లికి నమస్కారాలు.

పోటీ వెంకట్రామ్ మనవడే అన్నావు కదా, ఇక బెంగ వదిలేయి. మొన్న మాధవరం వెళ్ళి ఒక మంచి పని చేసి వచ్చాను. ఏమిటో నువ్వు గెలిచాక చెబుతాను. అటక మీదున్న మీ అవ్వ ఇత్తడి పళ్ళెం దించి, చింతపండు పెట్టి తోమాను. దాన్ని తోమింది మొత్తంమీద నేనే అని రాసుకో, పనిమనిషి ఒప్పుకోదు. అరటిపళ్ళు, తమలపాకులు, వక్కలు సర్ది, పైన గుడ్డ కప్పి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. కండక్టరు, "ఏ గుడికి తాతా?" అన్నాడు. "పెద్ద గుడికే నాయనా" అన్నాను. ఎనభై దగ్గరపడ్డ మనిషి ఒళ్ళో పళ్ళెం పెట్టుకుంటే బస్సులో ఎవరూ తొయ్యరు. ఈ కిటుకు నువ్వూ గుర్తుపెట్టుకో.

వెళ్ళిన పని శుభంగా జరిగింది. నువ్వు నీ టెండరు ధైర్యంగా వేసుకో.

తాత


అంబత్తూరు
20 జులై 2024

తాతా,

టెండరు వేసేశాం. నీ రేకుపెట్టె లేదు, లక్క లేదు. వేలెడు పరికరం ఒకటి కంప్యూటరుకు గుచ్చితే నా సంతకం పడుతుంది. దాన్నే డిజిటల్ సంతకం అంటారు. దానికీ గడువుంటుంది, దాటితే చెల్లదు.

దాంతోపాటు నిజాయితీ పత్రం అని ఒకటి సంతకం చేశాను. ఈ టెండరు గురించి నాకు గాని, నా తరఫువాళ్ళకు గాని వేరే పోటీదారుతో ఏ ఒప్పందమూ లేదని. నా పేరుతో నేను ప్రభుత్వానికి ఇచ్చిన మొదటి మాట అది.

మాధవరంలో పూజ చేయించినందుకు చాలా థాంక్స్. ఏ గుడి? గెలిచాక నేనూ వస్తాను, ఇద్దరం కలిసి వెళ్దాం.

నీ
సంయుక్త


చింతాద్రిపేట
26 జులై 2024

చిరంజీవికి,

గడువుండే సంతకం! మా నాన్న సంతకానికి ఆయన పోయాక కూడా అప్పు పుట్టింది. కాలం మారిందన్నమాట.

గుడి సంగతి గెలిచాకే. ఆ దేవుడు నీకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడే అని మాత్రం చెప్పగలను. అక్కడ చెప్పులు బయట విడవక్కర్లేదు.

తాత


అంబత్తూరు
9 ఆగస్టు 2024

తాతా,

టెండరు రద్దయింది.

గడువు ముగిసేసరికి వచ్చింది మా ఒక్కరిదే. మొదటి పిలుపులో ఒక్కరే వస్తే తెరవకుండా రద్దు చేసి మళ్ళీ పిలవాలని షరతు. మళ్ళీ పిలిచేటప్పుడు చిన్న కంపెనీల సడలింపు ఉంచుతారో తీసేస్తారో తెలియదు.

విఘ్నేష్ వెయ్యలేదు తాతా. ఎందుకు? పల్లెల్లో పాల లెక్కలు వాళ్ళ స్థాయికి తక్కువనిపించిందేమో. పేడ వాసన పడదేమో. వెంకట్రామ్ తాత మనవడికి ఇంత గర్వం ఉంటుందనుకోలేదు.

సంయుక్త


చింతాద్రిపేట
14 ఆగస్టు 2024

చిరంజీవి సంయుక్తకు,

ఆ కుటుంబాన్ని ఆ మాట అనకు. వాళ్ళది గర్వం కాదు, మర్యాద. గెలిచాక చెబుదామనుకున్నది ఇప్పుడే చెప్పాల్సి వస్తోంది. నేను ఆ రోజు వెళ్ళింది గుడికి కాదు, వెంకట్రామ్ ఇంటికి. "మా ఆండాళ్ పేరు మీద పిల్ల టెండరు వేస్తోందప్పా" అని పళ్ళెం చేతిలో పెట్టాను. వాడు కళ్ళకద్దుకుని పుచ్చుకున్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఈ రోజుల్లో అంతకంటే ఏం కావాలి?

ఒక్కరే వేస్తే రద్దు చేస్తారని నాకేం తెలుసు? మా కాలంలో ఒక్కడే వేస్తే వాడికే ఇచ్చి, టీ కూడా ఇప్పించేవారు. ఇంతకీ వాళ్ళకు పాల లెక్కలు చిన్నతనమని కాదు. నిన్ను దాటకూడదని ఆగారు. అది నువ్వు గర్వపడాల్సిన సంగతి.

తాత


అంబత్తూరు
20 ఆగస్టు 2024

తాతగారికి,

మీ ఉత్తరం అందింది.

మీరు చేసినదాన్ని ఈ రోజుల్లో కుమ్మక్కు అంటారు. నేను సంతకం చేసిన నిజాయితీ పత్రంలో 'నా తరఫువాళ్ళు' అని ఉంది. అంటే మీరు. నాకు తెలియకపోయినా నేను ప్రభుత్వానికి ఇచ్చిన మాట అబద్ధమైంది. రేపు టెండరు ఆఫీసుకు వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసిస్తున్నాను. మా కంపెనీని నిషేధిస్తే నిషేధించనివ్వండి.

ఎవరికీ తెలియదు కదా, ఎందుకు చెప్పడం అని మావాళ్ళు అడిగారు. నాకు తెలిసింది కదా.

మీ వీధిలో ఒకరి వంతు ఒకరికి వచ్చేది. సరే. ఆ వంతుల ఖరీదు ఎవరు కట్టేవాళ్ళు? మీరూ కాదు, వెంకట్రామ్ తాతా కాదు. ఇక్కడైతే పాల డబ్బులోంచి చిన్నపొన్ను కడుతుంది.

ఒక్క మాట అడుగుతాను. విఘ్నేష్‌తో పోటీ పడి గెలవాలనుకున్నాను. ఆ పోటీనే లేకుండా చేశారు. నేను గెలవలేనని అనుకున్నారా?

సంయుక్త


చింతాద్రిపేట
31 ఆగస్టు 2024

చిరంజీవి సంయుక్తకు,

మూడేళ్ళ పిల్లగా నా భుజం మీదెక్కి నా జుట్టు పీకినప్పుడు కూడా నన్ను 'నువ్వు' అన్నావు. ఇప్పుడు 'మీరు' అని రాశావు. తిట్టినా ఇంతకంటే మెత్తగా ఉండేది.

నీ ప్రశ్నకు జవాబు చివర రాస్తాను. ఉత్తరం అందిన మర్నాడు మాధవరం బస్సెక్కి వెంకట్రామ్‌కు నీ ఉత్తరం చదివి వినిపించాను. వాడు లేచి చొక్కా వేసుకున్నాడు. ఇద్దరం మీ టెండరు ఆఫీసుకు వెళ్ళాం. లిఫ్టు పనిచేస్తోంది, మెట్లెక్కి గుండె పట్టుకున్నామని గొప్ప చెప్పుకునే అవకాశం లేకుండా పోయింది.

జయంతి మేడమ్ అని అధికారి. చూస్తే మన వంటింటి మనిషిలా ఉంది. కళ్ళజోడు మీదుగా చూస్తే మాత్రం ఫైలు కూడా నిటారుగా కూర్చుంటుంది.

"మిమ్మల్ని ఎవరు పంపించారు?" అంది.

"ఎవరూ పంపలేదమ్మా. నా మనవరాలు నా మీద రాసిచ్చింది గదా, ఆ ముద్దాయిని నేనే. ఈడ ఒకతూరి కనిపించి పోదామని వచ్చినా."

వెంకట్రామ్ నా పక్కలో పొడిచాడు. "ఏం వరదా, ఇదేందో బిరుదు మాదిరి చెప్తావే?"

"బిరుదే గదప్పా! నీ మనవడు నీ మీద ఎప్పుడన్నా ఫిర్యాదు ఇచ్చినాడా?"

"లేదు."

"మరి నోరు మూసుకో."

ఆమె నవ్వలేదు గాని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను కాగితాల వీధి పుట్టుక దగ్గరినుంచి మొదలుపెట్టాను. రేకుపెట్టె, లక్క, బొటనవేలు, రాజకీయాల్లోకి పోయినవాడు, ఏదీ వదల్లేదు. అదంతా ఆమె మూడు వాక్యాల్లో రాసి నా ముందు పెట్టింది. చదివాను. ఒక్క తప్పు లేదు. ఒక్క రుచీ లేదు. సంతకం చేశాను. వెంకట్రామూ చేశాడు.

లేస్తుంటే అడిగింది: "మనవరాలి మీద కోపం లేదా పెద్దాయనా?"

"కోపమా! మా వీధిలో నేను ఎన్నో టెండర్లు గెలిచినానమ్మా. ఇట్లాంటి కాగితం రాసే ధైర్యం నాకు ఒక్కనాడూ రాలేదు. అది నా ఇంట్లో పుట్టింది."

ఇప్పుడు నీ ప్రశ్న. నువ్వు గెలవలేవని కాదు తల్లీ. పోటీలో గెలవడం ఎలాగుంటుందో నాకు తెలియదు. మాకు తెలిసిన గెలుపు, ఎదురు లేకుండా చేసుకోవడమే. నా దగ్గరున్నదే నీకు పెట్టాను. అది పాచిపోయిందని నాకు వాసన రాలేదు.

నీ తాత


అంబత్తూరు
13 సెప్టెంబరు 2024

తాతా,

నువ్వు కూర్చుని ఈ ఉత్తరం చదువు.

కమిటీ విచారణ అయింది. టెండర్లు వేసే ఆన్‌లైన్ పోర్టల్ రికార్డు తీసి చూశారు. విఘ్నేష్ చివరి రోజు మధ్యాహ్నం నుంచి గడువు ముగిసేదాకా టెండరు వేయాలని ప్రయత్నిస్తూనే ఉన్నాడు. వాడి డిజిటల్ సంతకం గడువు అంతకుముందే అయిపోయిందట. కొత్తది చేయించుకునేలోగా పోర్టల్ మూసుకుంది. మర్యాదా లేదు, గర్వమూ లేదు. మరుపు!

కమిటీ ముందే వాణ్ణి తాంబూలం గురించి అడిగారు. "మా తాత నాకేమీ చెప్పలేదు మేడమ్. అరటిపళ్ళు మాత్రం నేనే తిన్నా, బాగున్నాయి" అన్నాడు. జయంతి మేడమ్ ఈసారి నవ్వేశారు. వాడి మీద నేను నీకు రాసిన మాటలకు సిగ్గేసి, బయటికి వచ్చాక క్షమాపణ చెప్పాను.

ఒప్పందం అమలు కాలేదు, నేనే వచ్చి చెప్పాను, మీరిద్దరూ వచ్చి ఒప్పుకున్నారు. అందుకని హెచ్చరికతో వదిలేశారు. టెండరు మళ్ళీ పిలుస్తున్నారు. చిన్న కంపెనీల సడలింపు అలాగే ఉంది. విఘ్నేష్ వేస్తాడు, నేనూ వేస్తాను.

ఒక్క షరతు, ఇది నేను పెట్టేది. ఫలితం వచ్చేదాకా నువ్వూ వెంకట్రామ్ తాతా ఈ టెండరు మాట ఎత్తకూడదు. 'వెయ్యొద్దు' అనీ అనకూడదు, 'వెయ్యి' అనీ అనకూడదు.

ఆఫీసులో నువ్వు నా గురించి అన్న మాట మేడమ్ చెప్పారు. ఇంటికి వచ్చి వెంటనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

నీ
సంయుక్త


చింతాద్రిపేట
22 సెప్టెంబరు 2024

చిరంజీవి సంయుక్తకు,

మళ్ళీ 'నువ్వు' అయ్యాను. ఆ ముక్క నాలుగుసార్లు చదువుకున్నాను.

మిగతా ఉత్తరం మింగడం కష్టమైంది. అంటే నా తాంబూలం పని చేయలేదన్నమాట! నా మాటకు మాధవరందాకా విలువుందని పొంగిపోయాను. నన్ను ముద్దాయిని చేశారు సరే, పనికిమాలిన ముద్దాయిని చేశారు. చేయని నేరానికి జైలుకు పోయినవాళ్ళున్నారు. చేసిన నేరం జరగలేదని తేలినవాణ్ణి నేనొక్కణ్ణే.

వెంకట్రామ్‌ను నిలదీశాను. "నాతో ఎందుకు చెప్పలేదప్పా?"

వాడు నేల చూశాడు. "నా మాట మా ఇంట్లో ఎవరూ ఇనరని నీ ఎదర ఎట్ల చెప్పేది వరదా? నువ్వు అంత దూరం పళ్ళెం మోసుకోని వస్తివి."

అంతే మాట్లాడుకున్నాం. ఇది కూడా టెండరు మాట కిందికి వస్తుందేమో, మేడమ్‌ను అడుగు. ఇప్పుడు మేము కలిస్తే దోమల గురించి మాత్రం మాట్లాడుకుంటున్నాం. యాభై ఏళ్ళ స్నేహానికి దోమలు ఏ మూలకు చాలుతాయి? పళ్ళెం ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. ఖాళీ పళ్ళెం తిప్పి పంపకూడదని ఆనవాయితీ. ఏదైనా పెట్టి పంపితే మళ్ళీ కమిటీ కూర్చుంటుందని వాడికి భయం. మీ అవ్వ పళ్ళెం కాబట్టి చెబుతున్నాను గాని, తొందరేం లేదు.

తాత


చింతాద్రిపేట
18 జనవరి 2025

చిరంజీవి సంయుక్తకు,

ఈ పొద్దున తలుపు తీస్తే ఎదురుగా విఘ్నేష్. చేతిలో మన ఇత్తడి పళ్ళెం. నిండా అరటిపళ్ళు. నేను గడప ఇవతలే ఆగిపోయాను.

"ముందు చెప్పు నాయనా, ఇది పుచ్చుకోవచ్చా? కూడదా?"

"పుచ్చుకో తాతా, అంతా అయిపోయింది. లిస్టు నిన్న పోర్టల్‌లో వేసేసినారు. సంయుక్త అక్క గెలిచింది. ఈసారి మేము నిజంగా వేసి ఓడిపోయినాం."

వాణ్ణి లోపలికి పిలిచి కాఫీ పెట్టించాను. ఎలా ఓడిపోయావని అడగకూడదని తెలుసు. అడిగాను. ధరతోపాటు పనికీ మార్కులట, అందుకని ఒక పల్లెలో రెండు కంపెనీల చేతా పని చేయించి చూశారట. నడుమ కావాలనే నెట్ తీసేశారట. వీళ్ళ యంత్రం ఆగిపోయింది. నీది చీటీలు కక్కుతూనే ఉంది.

"మా దాంట్లో ఆవుకు నంబరు తాతా, అక్కదాంట్లో పేరు. ఆడోళ్ళంతా అక్క మిషను దగ్గరే నిలబడినారు. అది చూసినప్పుడే నాకు తెలిసిపోయింది. ధరలో మేమే కొంచెం తక్కువ. మార్కులన్నీ ఆడ పోయినాయి." ఓడినవాడు ఇంత ఉత్సాహంగా చెప్పడం నా జన్మలో చూడలేదు. మా వీధిలో ఓడినవాడు ఆరు నెలలు ఎదురుగా వస్తే పక్క సందులోకి తిరిగేవాడు. పోటీలో గెలవడం తెలియదని నీకు రాశాను. పోటీలో ఓడడం కూడా మాకు తెలియదని ఇప్పుడు తెలిసింది.

పళ్ళెంలో ఒక పండు తీసుకుని మీ అవ్వ పటం ముందు పెట్టాను. తరవాత నేనే తిన్నాను, ఆమెకు అలవాటే.

ఇక అసలు సంగతి. ఈ వార్త నా కడుపులో ఉడుకుతోంది. ఒప్పందం మీద సంతకాలు అయ్యేదాకా బయట చెప్పకూడదని ఏమైనా షరతు ఉందా? పైవాటా కుక్కకు మాత్రం చెప్పాను. మిగతావాళ్ళకు ఎప్పుడు చెప్పుకోవచ్చో రాయి. వెంకట్రామ్ కూడా ఎదురుచూస్తున్నాడు. దోమలతో విసిగిపోయాం.

నీ తాత,
వరదరాజులు (ముద్దాయి, విడుదల)


అంబత్తూరు
7 ఫిబ్రవరి 2025

తాతా,

ఇవాళ ఒప్పందం సంతకాలయ్యాయి. నకలు జత చేశాను. మొదటి పేజీ, మొదటి వరస చూడు, అవ్వ పేరు ఉంది. కొంగున ముడి వేసుకునే మనిషి లేదు కాబట్టి నువ్వు జేబులో పెట్టుకో.

జయంతి మేడమ్ పత్రం నా చేతికిస్తూ, "మీ ముద్దాయికి నమస్కారాలు చెప్పమ్మా" అన్నారు. చెబుతున్నాను.

ఇంక చెప్పుకో తాతా. నీ ఇష్టం వచ్చినంత గట్టిగా చెప్పుకో. ముందు మాధవరం బస్సు కండక్టరుతో మొదలుపెట్టు. ఆ రోజు నువ్వు ఏ గుడికి వెళ్ళావో పాపం ఆయనకు ఇంకా తెలియదు.

నీ
సంయుక్త